ఆకుపచ్చ పూత కింద

మా నాయన పులికాట్ సరస్సులో ఇరవై ఏళ్లకు పైగా నడిపిన పడవ మోటారుకు, ఈ ఏడాది మాఘమాసంలో, తిరుపతిలోని మా మిద్దె మీద నేను మళ్లీ రంగు వేశాను. పది రోజుల పని అనుకొని మొదలుపెట్టింది నలభై రోజులు పట్టింది. అందులో రంగు వేయడానికి పట్టింది రెండు రోజులే; మిగతా రోజులన్నీ పాత రంగును తీయడానికే సరిపోయాయి. ఆ తీయడంలోనే నాకు మా నాయన గురించి ముప్పై ఏళ్లుగా తెలియని ఒక సంగతి తెలిసింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది తడ మండలంలో సరస్సు ఒడ్డు ఊరు. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పటి నుంచి తిరుపతి జిల్లా. భీమునివారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి పడవ మీదే పోవాలి. మా నాయన ఆ దారిలో మనుషులను, బియ్యం మూటలను, కిరాణా సరుకులను, దీవిలో బడి చెప్పే అయ్యవార్లను చేరవేసేవాడు. మొదట గెడ వేసి, గాలి ఉంటే తెరచాప ఎత్తి నడిపేవాడు. 1988లో మా పెద్దనాయన సగం డబ్బు, తాను సగం డబ్బు వేసుకొని, మద్రాసు కాసిమేడులో ఎవరో వాడి అమ్మేసిన యమహా మోటారును కొన్నారు. ఎనిమిది గుర్రాల శక్తిది. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కిన తర్వాత కిరోసిన్‌కు మార్చుకునే రకం. పాతిక కిలోలకు పైగా బరువున్న దాన్ని గోనెపట్టాలో చుట్టి, తడలో బస్సు దిగి, భుజం మీద మోసుకుంటూ మా నాయన ఇంటికి వచ్చిన సాయంత్రం నాకు తొమ్మిదేళ్లు. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

పడవ వెనక చెక్కకు తగిలించుకునే ఇలాంటి మోటారును అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చాడు. యమహా వాళ్ల మొదటి మోటారు 1960లో వచ్చింది. ఎవరు చేసినా అమరిక మాత్రం దాదాపు ఒకటే. పైన మూత కింద ఇంజను, అక్కడి నుంచి నీళ్లలోకి దిగే పొడవైన కాలు, ఆ కాలి చివర ఫ్యాను, ఫ్యాను కింద చేప రెక్కలాంటి పలక. బరువు తగ్గాలని కాలును అల్యూమినియంతో పోత పోస్తారు. కష్టమంతా అక్కడే ఉంది. అల్యూమినియానికీ ఉప్పునీటికీ పడదు. ఆ నీళ్లలో పనిచేసే మోటారుకు రంగు అందం కోసం కాదు, అది దానికి చర్మం లాంటిది. పులికాట్ నీళ్ల తీరు మరీ వేరు. వానాకాలంలో ఏరుల నీళ్లు చేరి చప్పబడే సరస్సు, ఎండాకాలంలో ఎండుతూ ఎండుతూ సముద్రం కంటే ఉప్పనవుతుంది.

ఈ సంగతి మా నాయనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ప్రతి సాయంత్రం మోటారును ఇంటికి మోసుకొచ్చి, సగానికి కోసిన ఇనుప డ్రమ్ముకు తగిలించి, దాని నిండా మంచినీళ్లు పోసి అయిదు నిమిషాలు నడిపేవాడు. కాలి లోపల చేరిన ఉప్పు ఆ నీళ్లతో కడుక్కుపోయేది. మంచినీళ్లు దూరం నుంచి తెచ్చుకోవాల్సిన ఊరు మాది. డ్రమ్ము నిండడానికి ఎనిమిది బిందెలు కావాలి. ఆ ఎనిమిది బిందెలూ అమ్మ తెచ్చేది. ఒక్కోరోజు అలసిపోయి, "మనుషులకంటే ముందు దానికే నీళ్లు" అని విసుక్కునేది గాని, ఒక్కరోజు కూడా తేకుండా మానలేదు. మోటారు నడుస్తుంటే పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు సన్నటి ధారగా బయటికి చిమ్మేవి. నాయన ఆ ధార కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండేవాడు. ధార బలంగా వస్తున్నదా, వేడిగా ఉందా, గోరువెచ్చగా ఉందా అన్నదాన్ని బట్టి ఇంజను లోపల నీళ్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో ఆయనకు తెలిసేది. ఎలక్ట్రీషియన్ స్విచ్చి వేసి చూసినంత సహజంగా చూసేవాడు ఆయన ఆ నీళ్లను.

2009లో ఆ దారిలో డీజిలు ఇంజన్ల పెద్ద పడవలు ఎక్కువై, మా నాయన పడవ మానుకున్నాడు. 2014లో అమ్మ పోయిన తర్వాత తిరుపతికి నా దగ్గరికి వచ్చాడు. వస్తూ తెచ్చుకున్న సామానులో రెండు పంచెల సంచి, అమ్మ ఫోటో, గోనెపట్టాలో చుట్టిన మోటారు ఉన్నాయి. అది పదేళ్లు మా మెట్ల కింద ఉండిపోయింది. పోయిన ఏడాది చివర కంటి శుక్లాలకు ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చిన వారానికి, "మోటారెక్కడ పెట్టినావురా?" అని అడిగాడు. తెచ్చి ముందు పెట్టి పట్టా విప్పాను. ఆయన బొటనవేలితో కాలి మీద రుద్దితే రంగు పెచ్చు ఊడి, దాని కింద నుంచి సున్నంలాంటి తెల్లటి పొడి వేలికి అంటుకుంది. "దీనికి పుండ్లు పడినాయి రా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. కొత్త కళ్లతో ఆయన ముందుగా చూడాలనుకున్నది ఆ మోటారునే అయితే, దాన్ని అలా చూపించినందుకు ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి పని మొదలుపెట్టాను.

ఆ పుండ్లకు నా బాధ్యత కూడా ఉంది. 2006లో నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాయనకు సంతోషం కలిగించాలని ఆ మోటారును కార్లకు రంగులు వేసే ఒక షెడ్డులో ఇచ్చి ముదురు నీలం రంగు వేయించాను. తెచ్చినప్పుడు అద్దంలా మెరిసింది. నాలుగు నెలలకే బొబ్బలు లేచాయి. వాళ్లు పాత రంగును సరిగ్గా గీకకుండా, లప్పం పట్టించి, దాని మీదే కొత్త రంగు కొట్టేశారు. ఉత్త అల్యూమినియం గాలి తగిలిన వెంటనే తన మీద కంటికి కనబడనంత పలుచని పొర ఒకటి కట్టుకుంటుంది; ఆ పొర మీద మామూలు రంగు నిలవదు. ఎక్కడో ఒక గీత పడితే చాలు, ఉప్పునీరు అందులోంచి రంగు కిందికి చేరుతుంది. అక్కడ పుట్టే తెల్లటి పొడి పొంగి, రంగును కింది నుంచి పైకి లేపుతుంది. అంతకంటే ఘోరమైన తప్పు ఇంకొకటి చేశారు: కాలికి బిగించి ఉండే జింకు ముక్కకు కూడా రంగు కొట్టారు. ఉప్పునీటిలో అల్యూమినియం కంటే జింకు ముందుగా తరుగుతుంది కాబట్టి, తానరిగిపోతూ కాలును కాపాడటానికే దాన్ని అక్కడ పెడతారు. దానికి రంగు కప్పితే అది పని చేయదు. ఆ రోజు మోటారు ఇంటికి వచ్చిన గంటలోనే నాయన చేపలు కోసే కత్తి తీసుకొని, నేను చూడకుండా పెరట్లో కూర్చొని, ఆ ముక్క మీది రంగు గీకేయడం నేను కిటికీలోంచి చూశాను. రంగు బాగుందని నాతో చెప్పి, లోపం ఒక్కటి కూడా ఎత్తకుండా, ఆయన చేసిన పని అది.

అందుకే ఈసారి తొందరపడలేదు. కాస్టిక్ సోడా నీళ్లు పోస్తే గంటలో రంగంతా ఊడిపోతుందని, తమ ఇంటి కిటికీ చువ్వలకు అలాగే చేశామని పక్కింటాయన సలహా ఇచ్చాడు. ఇనుముకు అది సరిపోతుంది గాని, అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది. రంగుతో పాటు మోటారు కూడా పోయేది. ఇనుప తీగల బ్రష్షు కూడా వాడలేదు. దాని నుంచి రాలే సన్నటి ఇనుప రేణువులు అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు మచ్చలవుతాయి. కాలికి మాత్రం పెయింట్ రిమూవర్ పూసి, ఉబ్బిన రంగును చెక్క పలకతో గీకి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్దాను. పై మూత ఫైబరుది కాబట్టి దానికి రిమూవర్ తగలనీయకుండా నీళ్లు పోసుకుంటూ వాటర్ పేపర్‌తోనే అరగదీశాను. మరలు ఊడదీయడమే అన్నిటికంటే కష్టమైంది. అల్యూమినియంలో ఏళ్ల తరబడి బిగిసిపోయిన స్టీలు మరలను వేడి చేసి, నూనె పోసి, ఒక రోజు ఆగి, మళ్లీ వేడి చేసి తిప్పాల్సి వచ్చింది. పన్నెండింటిలో రెండు విరిగాయి.

రంగు ఒక్కొక్క పూతగా ఊడి వస్తుంటే, ఏది ఏ ఏటిదో నేను చెప్పగలిగాను. పైన 2006 నాటి ముదురు నీలం. దాని కింద 2000 ప్రాంతంలో నాయన వేసిన వెండి రంగు. దాని కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద, కాసిమేడు నుంచి వచ్చినప్పటి, నీలం కలిసిన బూడిద రంగు. ఆ ఆకుపచ్చ కంటబడగానే మా ఇంటి వీధి తలుపు గుర్తొచ్చింది. 1993 సంక్రాంతికి తలుపుకు వేయడానికి నాయన సూళ్లూరుపేట నుంచి ఒక లీటరు ఆకుపచ్చ ఎనామిల్ తెచ్చాడు. తలుపుకు ఒక పూత పడింది. రెండో పూత పడాల్సిన భోగి ముందు రోజు రాత్రి, మిగిలిన డబ్బా మొత్తం మోటారుకు పట్టించేశాడు. "తలుపుకు తెచ్చిన రంగు మోటారుకు పూసేసినాడు మీ నాయన" అని అమ్మ పండగ మూడు రోజులూ అందరికీ చెప్పింది. ఆ తలుపు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఒంటిపూతతోనే, చెక్క గీతలు బయటికి కనబడుతూ ఉండిపోయింది. నాయనకు మోటారు మీదున్న ప్రేమకు ఉదాహరణగా ఈ కథను నేను కూడా చాలామందికి చెప్పాను.

ఫ్యాను కింది పలక దగ్గరికి వచ్చేసరికి పీచు జారడం మానేసి ఎక్కడో పట్టుకుంది. ఆకుపచ్చ కింద బూడిద రంగు ఉండాల్సిన చోట, గట్టిపడిన బూడిద ముద్ద ఉంది. గోటితో కొడితే లోహం మోత కాదు, మట్టి మోత వచ్చింది. ఎమ్‌సీల్. నీళ్లలో నిలవాలని లప్పం కాకుండా ఎమ్‌సీల్ పెట్టి, పలక ఆకారానికి సరిగ్గా అరగదీసి ఉంది. దాన్ని తీసేస్తే పలక ముందు మూల, రెండు వేళ్ల వెడల్పు మేర, లేదు. విరిగిన అంచు మీద రాతికి తగిలిన గీతలు అలాగే ఉన్నాయి.

నేను మిద్దె మీద ఎండలో ఆ ముక్కను చేత్తో పట్టుకొని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ భోగికి రెండు రోజుల ముందు సాయంత్రం, ఇరకం నుంచి ఖాళీ పడవతో తిరిగి వస్తూ, నాయన మొదటిసారిగా మోటారు పిడి నా చేతికి ఇచ్చాడు. నాకు అప్పుడు పద్నాలుగో ఏడు. పులికాట్ సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఎక్కడ లోతు తగ్గుతుందో కనిపెట్టి మోటారును పైకి వాల్చుకుంటూ నడపడమే అక్కడి పనితనం. రేవు మీద నా తోటి పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తున్నారన్న ఉత్సాహంలో నేను వేగం తగ్గించలేదు, మోటారు వాల్చలేదు. ఒడ్డుకు నాలుగు బారల దూరంలో కట్ట రాళ్లకు కింద ఏదో ఠక్కున తగిలి, పిడి నా చేతిలోంచి ఎగిరింది. నాయన ఒక్క అంగలో వచ్చి ఇంజను ఆపి, మోటారును పైకి వాల్చి, చెయ్యి కిందికి పోనిచ్చి తడిమి చూశాడు. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. "ఏం గాలేదురా. బురద తగిలింది. పద" అన్నాడు. నేను నమ్మాను. ఒడ్డున పెద్దనాయన ఉన్నాడు. సగం డబ్బు ఆయనది, కోపం ఎక్కువ. నాయన మోటారును తన శరీరం వైపుకు తిప్పి భుజాన వేసుకొని ఆయన ముందు నుంచే నడిచిపోయాడు.

ఒక్క పలకకు రంగు వేస్తే ఆ ఒక్కచోటే కొత్తగా కనబడి పెద్దనాయన అడుగుతాడు. అందుకని పండగ పేరు చెప్పి మోటారు మొత్తానికి వేశాడు. తలుపుకు రెండో పూత లేకపోయింది అందుకు. పెద్దనాయన కోపం నా మీద పడకూడదని, అంతకంటే ముందు, మొదటిసారి పిడి పట్టిన రోజే మోటారు విరగ్గొట్టానన్న దిగులు నాకు ఉండకూడదని ఆయన చేసిన పని అది. ఆ తర్వాతి వారమే మళ్లీ పిడి నా చేతికి ఇచ్చాడు. నేను భయపడకుండా పట్టుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదని ఇప్పుడు అర్థమవుతున్నది. తెలిసి ఉంటే తలుపు గురించి అన్నేళ్లు దెప్పి ఉండేది కాదు.

రేణిగుంట రోడ్డులో అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు. పలకను చూపిస్తే కొత్త ముక్క అతికి, గుర్తు కూడా తెలియకుండా చేసి ఇస్తామన్నారు. రెండు రోజులు ఆలోచించి, వద్దనుకున్నాను. పడవ నడపడానికి ఆ మూల లేకపోవడం పెద్ద అడ్డు కాదు. దాన్ని మళ్లీ కప్పిపెట్టడానికి నాకు చేతులు రాలేదు.

అసలు రంగు కనిపెట్టడం ఇంకొక పని. పైనున్న బూడిద రంగంతా ఎండకు వెలిసిపోయింది. పడవ చెక్కకు బిగించే కొక్కేల లోపలి వైపు, ఎండ ఎన్నడూ సోకని చోట, అరచేయంత మేర అసలు రంగు మిగిలింది. ఆ కొక్కేన్నే ఊడదీసి రంగుల కొట్టుకు తీసుకుపోయాను. మొదటిసారి కలిపింది నీలం ఎక్కువైంది. రెండోసారి కలిపిన దాన్ని అట్టముక్క మీద పూసి, ఆరిన తర్వాత ఎండలో కొక్కెం పక్కన పెట్టి చూసుకొని తెచ్చాను. తడి రంగును చూసి నిర్ణయించుకోకూడదన్నది ఆ కొట్టులో వయసు మళ్లిన పనివాడు చెప్పిన మాట. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

జింకు ముక్కకు, నీళ్లు పీల్చుకునే సందులకు, నంబరు రేకుకు మాస్కింగ్ టేపు అంటించాను. కాలిని వాటర్ పేపర్‌తో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, గాలికి కట్టే పొర మళ్లీ మందమెక్కకముందే, అల్యూమినియానికి పట్టుకునే ఎచ్ ప్రైమర్‌ను పలుచగా ఒక్క పూత కొట్టించాను. దాని మీద, గట్టిపరిచే ద్రవం కలిపి వాడే 2కె ప్రైమర్ రెండు పూతలు, దాని మీద పీయూ (పాలీయురెథేన్) రంగు మూడు పూతలు. స్ప్రే గన్ పట్టడం నాకు చేతకాదు కాబట్టి, కంప్రెసర్ ఉన్న ఒక కుర్రవాణ్ణి పిలిపించుకున్నాను. ఆ రంగు పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. అతనికి సరైన మాస్కు కొనిచ్చి, నాయనను కింది గదిలో కూర్చోబెట్టి తలుపులు వేసి వచ్చాను. మధ్యాహ్నపు ఎండలో కొడితే పైపొర ముందే ఆరిపోయి ముడతలు పడుతుందని, మంచు ఆరిన తర్వాత ఎండ ముదరకముందు, ఉదయం ఎనిమిదికీ పదికీ మధ్యనే పని ముగించాము. పలక విరిగిన అంచును మాత్రం చేతికి గుచ్చుకోకుండా నున్నగా రుద్ది, అదే ఆకారంలో రంగు వేయించాను. పేరు అక్షరాలు, పక్క గీతలు బండ్లకు రేడియం స్టిక్కర్లు వేసే కొట్టులో కోయించి అంటించాను.

వారం రోజులు ఆరనిచ్చి, కొత్త మరలకు గ్రీజు రాసి, లోపలి నీళ్ల పంపుకు కొత్త రబ్బరు చక్రం వేసి, అంతా బిగించి, ఒక ఆదివారం ఉదయం ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీళ్లు నింపి మోటారును తగిలించే ముందు నాయనను మిద్దె మీదికి తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చొని కొంతసేపు చూసి, "ఈ రంగే. కాసిమేడులో ఈ రంగే" అన్నాడు. తర్వాత దగ్గరికి జరిగి, కళ్లను నమ్మకుండా చేత్తో తడమడం మొదలుపెట్టాడు. మూత, పిడి, కొక్కేలు, కాలు. చెయ్యి ఫ్యాను దాటి కిందికి పోయింది. విరిగిన మూల దగ్గర ఆగింది. బొటనవేలు ఆ అంచు మీద ముందుకూ వెనక్కూ రెండుసార్లు తిరిగింది.

"ఇక్కడ నింపలేదే" అన్నాడు.

"లేదు నాయనా."

ఆయన నా వైపు చూడలేదు. కొంతసేపటికి, "మా అన్నకు పోయేదాకా తెలీదు" అన్నాడు. ఇంకొంతసేపటికి, "జింకుకు రంగు తగలనీలేదు గదా?" అని అడిగాడు.

తగలనీలేదని చెప్పి, మోటారును డ్రమ్ముకు తగిలించి తాడు లాగాను. నాలుగోసారికి అందుకుంది. పక్క రంధ్రంలోంచి సన్నటి ధార బయటికి చిమ్మింది. నాయన కుర్చీలోంచి ముందుకు వంగి, ఆ ధార కింద అరచెయ్యి పెట్టి, తల పక్కకు వాల్చి, ఇంజను చప్పుడు వింటూ ఉండిపోయాడు. నీళ్లు మోచేతి దాకా కారి పంచె తడుస్తున్నా చెయ్యి తీయలేదు.

"బాగానే కొడతా ఉంది" అన్నాడు.